కష్టం తీరకముందే కృతజ్ఞత కూడిక

మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో కృతజ్ఞత కూడిక అంటే పని గట్టెక్కాక పెట్టే ప్రార్థన కూడిక. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందనో, కోడలు పురుడు పోసుకుని క్షేమంగా ఉందనో, కువైట్ వీసా అయిందనో, ఆసుపత్రి నుంచి మనిషి నడిచి ఇంటికొచ్చాడనో పెడతారు. వీధిలో షామియానా వేస్తారు. సంఘమంతా వస్తుంది. పాటలు, వాక్యం, ఇంటివాళ్ళ సాక్ష్యం, ఆఖర్న చికెన్ పలావు. 2023 మొదట్లో మా ఇంట్లో పెట్టిన కూడికకి ఈ కారణాల్లో ఒక్కటీ లేదు. పక్షవాతం వచ్చిన మా ఆయన కుడిచెయ్యి మూసుకునే ఉంది. అరటితోట తాలూకు అప్పు కుదురుగా వడ్డీ పెంచుకుంటూ కూర్చుంది. పిలవడానికి వెళ్తే, "దేనికమ్మా కూడిక? ఏమైనా కలిసొచ్చిందా?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది కోనసీమలో పి.గన్నవరం దిగువన, గోదావరి పాయల మధ్య ఒక లంక. జూలై వచ్చిందంటే లంకలో అందరి నోటా ఒకటే మాట: "భద్రాచలంలో ఎన్నడుగులు?" అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం బ్యారేజీకి చేరి, ఆ తర్వాత కొన్ని గంటల్లో మా గుమ్మంలోకి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మూడోది అన్నారంటే మూటలు కట్టుకోవాల్సిందే. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో 175 గేట్లూ ఎత్తేసి దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వదిలారు. ఎర్రనీళ్ళు జూలైలో రావడం మామూలే గానీ, ఇంత పెద్ద వరద మేము ఆగస్టులో వస్తుందనుకునే రకం. '86 చూసినవాళ్ళు మాత్రం "అప్పుడు 35 లక్షలొచ్చింది, ఇదెంత" అంటూ సామాన్లు అటక మీదకి ఎక్కించారు. మా అత్తయ్యగారు ఆ బాపతే. '86 వరదని పెంకుటింటి కప్పు మీద కూర్చుని చూసిన మనిషి. 1996 నవంబరు తుఫానులో కొబ్బరిచెట్లు పుల్లల్లా విరుగుతుంటే మంచం కింద పిల్లల్ని పెట్టుకుని తెల్లవార్లూ గడిపిన మనిషి.

మేము కౌలుకి అరటి వేశాం. చెట్లు గెల వేసే దశలో ఉన్నాయి. నాలుగైదు రోజులు నీళ్ళు నిలబడ్డాయంటే అరటి పని అయిపోయినట్టే. పైకి ఆకు పచ్చగానే ఉంటుంది, కింద దుంప కుళ్ళిపోతుంది. నీరు తీశాక మా ఆయన ఒక్కో చెట్టునీ చేత్తో తోసి చూసుకుంటూ వెళ్ళారు. తోసిన చెట్టల్లా ఒరిగిపోయింది.

ఏటిగట్టు మీద టార్పాలిన్ల కింద ఉన్న ఆ రోజుల గురించి ఒక మాట చెప్పాలి. ప్రభుత్వం ఇచ్చిన 25 కేజీల బియ్యం, 2,000 రూపాయలు తర్వాత అందాయి. అంతకంటే ముందు అందింది అన్నం. ఎక్కడెక్కడి నుంచో పులిహోర పొట్లాలు, సాంబారన్నం డేకీసాలు పడవల్లో వచ్చేవి. ఇచ్చినవాళ్ళు ఏ గుడివాళ్ళో, ఏ చర్చివాళ్ళో, ఏ కుర్రాళ్ళ సంఘమో మేమూ అడగలేదు, వాళ్ళూ మమ్మల్ని అడగలేదు. డొక్కా సీతమ్మగారు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం మా మండలమే. ఇక్కడ ఆకలికి మతం అడిగే అలవాటు ముందు నుంచీ లేదు. ఆ పొట్లాలు తిని మేము చేసిన ప్రార్థనల్లో వాళ్ళందరూ ఉన్నారు, పేర్లు తెలియకుండానే.

పంట నష్టం డబ్బు మాత్రం మా దాకా రాలేదు. కౌలు రైతుకి రావాలంటే సాగుదారు హక్కు పత్రం ఉండాలి. సీసీఆర్‌సీ కార్డంటారు. దాని మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. పదకొండు నెలల కాగితం అది, భూమి మీద ఏ హక్కూ రాదు అని చట్టంలోనే ఉన్నా, మా ఆసామి భయపడి పెట్టలేదు. పోయిన పంట మాది, కాగితాల్లో రైతు ఆయన. అలా ఎన్ని లంకల్లో ఎంతమందికి జరిగిందో ఈ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా ఒకెత్తు. ఆగస్టులో ఏరు మళ్ళీ పొంగింది. కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్న ఒక తెల్లవారుజామున మా ఆయన మంచం మీద నుంచి లేవబోయి కుడివైపుకి పడిపోయారు. నోరు ఒక పక్కకి లాగేసింది. ఏదో చెప్పాలని చూస్తున్నారు, మాట కాదు, గాలి వస్తోంది. అవతల గట్టు మీద 108 సిద్ధంగానే ఉంది. ఇవతల ఇంజను పడవ దొరకాలి, వెలుగు రావాలి, ఆ ఒరవడిలో పాయ దాటాలి. అమలాపురం, అక్కణ్ణించి కాకినాడ. గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోపు పడాలట. మేము చేరేసరికి ఆ వేళ దాటిపోయింది. డాక్టరుగారు కోప్పడలేదు, "లేటయిందమ్మా" అన్నారంతే. మెత్తగా అన్న ఆ మాటే నెలల తరబడి నా చెవిలో మోగింది.

ఇంటికొచ్చాక నాకు ప్రార్థన రాలేదు. వచ్చినట్టు నటించడం మాత్రం వచ్చింది. మా పుట్టిల్లు నర్సాపురం అవతల. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ సంఘాల్లో పుట్టి పెరిగిన కుటుంబం మాది. కన్ను తెరిచింది కూడికల్లోనే. ఏ సందర్భానికి ఏ వచనం చెప్పాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అదే ఇబ్బంది అయింది. చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక వచనం తెచ్చేవారు. అన్నీ నాకు తెలిసినవే. ఒక్కటీ దిగేది కాదు.

అన్నిటికంటే మంట పుట్టించింది గోడ మీదున్న వాగ్దానం కార్డు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి తలా ఒక కార్డు తీసుకుంటాం కదా. ఆ ఏడు మా అత్తయ్యగారికి వచ్చింది యెషయా 43:2. "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడైయుందును." లంకలో ఉండేవాళ్ళకి ఇంతకంటే బాగా నప్పే వాగ్దానం ఉండదని అప్పుడు అందరం నవ్వుకున్నాం. ఆవిడ దాన్ని అద్దం పక్కన అన్నం మెతుకులతో అతికించారు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో దాన్ని చూసి, "తీసేద్దామండీ అత్తయ్యగారూ, నేను చూడలేను" అన్నాను.

ఆవిడ తియ్యలేదు, నన్ను కసరనూ లేదు. బైబిలు తీసి 13వ కీర్తన చదవమన్నారు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని మొదలవుతుంది. ఆరే వచనాలు. చివరి రెండూ స్తుతి. నేను అలవాటు కొద్దీ చివరిదాకా చదవబోతే ఆపేశారు. "అక్కడికి నువ్వింకా రాలేదే అమ్మాయ్. వచ్చినప్పుడు చదువుదువు గాని. ఈ పూటకి మొదటి రెండూ చాలు" అన్నారు. అడగాల్సిందీ దేవుణ్ణే, అరవాల్సిందీ ఆయన మీదే అన్నది ఆవిడ సిద్ధాంతం. నిజానికి కీర్తనల గ్రంథంలో మూడో వంతు దాకా ఇలాంటి మొరలే. కూడికల్లో మనం ఏరుకుని చదివేవి మాత్రం మిగతావి. ఈ ఏరివేత మా సంఘాల్లో చాలాకాలంగా ఉంది, నాకది ఇప్పటికీ నచ్చదు. ఏడవడానికి దేవుడే మాటలిస్తే, వాటిని దాటేసి ఆనందగానాల దగ్గరికి పరుగెత్తడం ఎందుకో!

కొన్నాళ్ళు అలాగే గడిచింది. రాత్రి కుటుంబ ప్రార్థనలో నేను ఆ రెండు వచనాలే చదివేదాన్ని. పిల్లలు ఆశ్చర్యంగా చూసేవారు. మా ఆయన మంచం మీద నుంచి వినేవారు, కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

మా అత్తయ్యగారి ప్రార్థనకి ఒక పద్ధతుంది. ఏదైనా అడిగే ముందు ఇంట్లో ప్రతివాళ్ళూ ఆ రోజుకి ఒక స్తోత్రం చెప్పాలి. దానికి షరతులు. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. "ప్రాణం ఇచ్చినందుకు, ఆరోగ్యం ఇచ్చినందుకు" లాంటి పెద్ద పెద్దవి చెల్లవు. ఆ రోజు కంటికి కనబడింది, చేతికి తగిలింది అయి ఉండాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదేదో పిల్లల ఆట అనుకున్నాను. ఆ వర్షాకాలంలో ఆ ఆటే మా ఇంటిని పట్టి ఉంచింది. చిన్నది "కరెంటు తొందరగా వచ్చింది" అనేది. మావాడు "బస్సులో సీటు దొరికింది" అనేవాడు. నా వంతు వస్తే చాలా రోజులు "ఏమీ లేదు" అనేదాన్ని. అది కూడా చెల్లేది. ఆవిడ "సరే, రేపు చూద్దాం" అని ముందుకి పోయేవారు. బలవంతం చేసి ఉంటే నేను ఆ చాప మీద కూర్చునేదాన్నే కాదు.

నా మొదటి స్తోత్రం దేనికో బాగా గుర్తుంది. లేసు అల్లికల ఏజెంటు పాత బాకీ ఇచ్చాడు. పెళ్ళికి ముందు అమ్మ నేర్పిన పని అది. మిషనరీ దొరసానుల దగ్గర మా ముత్తమ్మల కాలంలో ఆడవాళ్ళు నేర్చుకున్నారని చెబుతారు. మంచం పక్కన కూర్చుని, మందుల వేళ చూసుకుంటూ అల్లుకోగల పని ఇంకోటి లేదు. కూలి మాత్రం ఎప్పుడూ తక్కువే. నర్సాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందంటే సంతోషించాను గానీ, అల్లే చేతికి రేటు పెరిగితే ఇంకా సంతోషిస్తాను. ఆ రోజు ఇచ్చిన డబ్బుతో మందులు వచ్చాయి. "ఏజెంటు బాకీ తీర్చాడు ప్రభువా, స్తోత్రం" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో అందరం కలిసి నవ్వడం అప్పుడే.

ఇక పాట సంగతి. మా ఆయన ఆదివారం రొట్టె విరిచే కూడికలో లేచి చాలాసేపు ప్రార్థన చేసే మనిషి. మరీ ఎక్కువసేపని కుర్రాళ్ళు విసుక్కునేవారు కూడా. అలాంటిది మంచినీళ్ళు అని అడగలేకపోయారు. "నీ… నీ…" అని ఆగిపోయి, ఎడమచేత్తో మంచం పట్టె కొట్టేవారు. ఒక సాయంత్రం అత్తయ్యగారు కూరగాయలు తరుగుతూ పాత కీర్తనేదో కూనిరాగం తీస్తున్నారు. మంచం మీద నుంచి రెండో చరణం వినబడింది. ముద్దగా ఉంది, కానీ మాటలు మాటల్లాగే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి తప్పు పోకుండా చరణమంతా వచ్చింది. అయిపోయాక నావైపు చూసి ఏదో చెప్పబోయారు. మళ్ళీ "నీ… నీ…" అనే!

అద్భుతం అని లంకంతా పాకింది. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు వివరంగా చెప్పారు. మాట్లాడటానికి మెదడులో ఎడమవైపు ఎక్కువగా పనిచేస్తుందట. రాగానికి, బాగా అలవాటైన పాటకి కుడివైపు కూడా సాయం పడుతుందట. అందుకే మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగులుతుందట. ఆ దారినే మాట తెప్పించే పద్ధతులు కూడా ఉన్నాయని, కావలసిన మాటల్ని రాగం మీద పలికించమని చెప్పారు. కారణం తెలిశాక సంతోషం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. చిన్నప్పటి సండే స్కూలు నుంచి ఆయన పాడుకున్న కీర్తనలన్నీ దెబ్బ తగలని చోట భద్రంగా ఉన్నాయి. అంతకంటే నాకేం కావాలి! మేము ఆ పాటల వరసలోనే "మంచినీళ్ళు కావాలి", "పక్కకి తిప్పు" అని పాడించడం మొదలుపెట్టాం. వినేవాళ్ళకి నవ్వొచ్చేది. మా చిన్నది "నాన్నా, పప్పులో ఉప్పు తక్కువైందా?" అని ఆరాధన పాట వరసలో అడిగితే ఆయన అదే వరసలో "ఔ-ను" అనేవారు. గురువారం గురువారం ఫిజియోథెరపీ, ఇంట్లో రోజూ కొబ్బరినూనె మర్దన, ఈ పాటలు.

అందరూ ఇలా తోడుగా ఉన్నారని చెప్తే అబద్ధమవుతుంది. "ఏదో ఒప్పుకోని పాపం ఉండుంటుంది" అని ఒకావిడ నా ఎదురుగానే అన్నారు. బయట నుంచి వచ్చిన ఒక బోధకుడు ప్రత్యేక కానుక పెట్టి విశ్వాసంతో ప్రార్థిస్తే చెయ్యి లేస్తుందన్నాడు. ఎంత పెట్టాలో కూడా సూచించాడు. మా అత్తయ్యగారు ఆయనకి టీ ఇచ్చి, యోహాను 9వ అధ్యాయం తీసి ముందు పెట్టారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదని ప్రభువు చెప్పిన చోటు. "చదువుకోండి బాబూ, నాకు చత్వారం" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు.

మా సంఘాల్లో ఆదివారం ఆరాధనలో ఆడవాళ్ళం నోరు విప్పం. స్త్రీల కూడికలో విప్పుతాం. క్రిస్మస్ ముందు ఒక కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. "ఇంకా ఏమీ బాగవలేదు కదా అక్కా, ఏం చెప్పను?" అన్నాను. "బాగవలేదనే చెప్పు" అంది ఆ అక్క. లేచి చెప్పాను. పడవ ఆలస్యం, 13వ కీర్తన, ఏజెంటు బాకీ, పాట. చివరికి వచ్చాక "ఇందువల్ల దేవుడు మాకు…" అని అందరిలా ముగించబోతే వాక్యం రాలేదు, కూర్చుండిపోయాను. కూడిక అయ్యాక నలుగురైదుగురు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఒకావిడ కొడుకు మూడేళ్ళుగా గల్ఫ్ నుంచి ఫోన్ చెయ్యట్లేదట, ఎవరికీ చెప్పలేదట. ఇంకొకావిడది భర్త తాగుడు. తీరిన కష్టాల సాక్ష్యాలు వింటూ వింటూ తీరనివాళ్ళు లోలోపల ఎంత ముడుచుకుపోతున్నారో ఆ రోజు చూశాను. ఇంటికి వెళ్తూ దారిలోనే నిర్ణయించుకున్నాను, కృతజ్ఞత కూడిక పెడదామని. అత్తయ్యగారు "పలావుకి డబ్బులెక్కడివి?" అన్నారు. పలావు వద్దనుకున్నాం. టీ, బిస్కెట్లు, అరటిపళ్ళు. అరటిపళ్ళు కొనుక్కోవాల్సి వచ్చినందుకు మా ఆయన ముఖం అదోలా పెట్టారు.

కూడికలో సంఘం పెద్దాయన హబక్కూకు మూడో అధ్యాయం చదివారు. "అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను…" ఆయన రిటైరైన మాస్టారు, పాఠం చెప్పే అలవాటు పోలేదు. "మన లంకలో అంజూరాలు, ద్రాక్షలు లేవు. మీ ఇళ్ళల్లో ఏవి పోయాయో అవి చెప్పండి" అన్నారు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి ఒకాయన "కొబ్బరికి తెల్లదోమ అండి" అన్నారు. "వంగ, బెండ మడులు." "మా గేదె అండి, గట్టు మీద చచ్చిపోయింది." "మిరప." "మావోడి కాలేజీ ఫీజు." అలా చాలాసేపు సాగింది. ప్రతిదాని తర్వాత మాస్టారు "అయినను" అనేవారు. అంత వరకే. ఆ వచనాల చివర వచ్చే "సంతోషించెదను" అన్న మాట ఎవరినీ పలకమనలేదు. ఆఖర్న మా ఆయన వైపు చూశారు. మా ఆయన ఎడమచేత్తో కర్ర ఆనుకుని లేచి పాట ఎత్తుకున్నారు. మొదటి లైను ఒక్కరే పాడారు, రెండో లైనుకి అందరూ అందుకున్నారు.

దేవుడు ఆ పడవని ఎందుకు ఆలస్యం చేశాడో నాకు ఇవాళ్టికీ జవాబు లేదు. లంకకి వంతెన ఉంటే ఆ ప్రశ్నే ఉండేది కాదు. వంతెన కోసం అర్జీ పెట్టినప్పుడల్లా నేనూ సంతకం పెడతాను, అది కూడా నా ప్రార్థనలో భాగమే అనుకుంటాను. స్తోత్రం చెప్పడం వల్ల ఆసామి మీద నాకున్న కోపం పోలేదు, అప్పు పోలేదు. పోయింది ఒంటరితనం. మా ఇంట్లో జరిగింది ఎవరికీ తెలియని, ఎవరూ పట్టించుకోని సంగతి కాదన్న నమ్మకం వచ్చింది. ఆశ అంటే నాకు ఇప్పుడు ఆ మేరకే తెలుసు. దాంతో పొద్దున్నే లేవగలుగుతున్నాను.

2023 జూలైలో మళ్ళీ రెండో హెచ్చరిక దాకా వచ్చింది. సామాన్లు అటక ఎక్కించాం, మా ఆయన కింద కూర్చుని ఏది ముందు ఎక్కించాలో పాట వరసలోనే పురమాయించారు. ఇప్పుడు కర్ర సాయంతో రేవు దాకా వెళ్ళొస్తున్నారు. కుడిచెయ్యి సగం తెరుచుకుంటోంది, చెంబు పట్టుకోగలరు, కొడవలి పట్టుకోలేరు. ఆదివారం లేచి నాలుగు మాటల ప్రార్థన చేస్తారు. కుర్రాళ్ళకి చాలా సంతోషం. అరటి మానేసి 2024 సార్వాకి గట్టు లోపలి వైపు ఎకరం వరి కౌలుకి తీసుకున్నాం, మావాడే ఎక్కువ చూసుకున్నాడు. ఈసారి ఆసామి హక్కు పత్రం మీద సంతకం పెట్టాడు. ఆ రాత్రి ప్రార్థనలో నలుగురికీ స్తోత్రం అదే అయింది, అత్తయ్యగారు కూడా చెల్లదనలేదు. కౌలు మాత్రం పక్క చేనుకంటే రెండు బస్తాలు ఎక్కువ.